దైవం శాసకుడా? సాక్షియా?

ఒక పనిని మంచిదని మనం ఎందుకు అంటాము? దైవం ఆజ్ఞాపించినాడు కనుక అది మంచిదయినదా? లేక అది మంచిది కనుకనే దైవం దానిని ఆజ్ఞాపించినాడా? పైకి ఇది మాటల చమత్కారంగా తోస్తుంది. కాని ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న అంతరం అంతింత కాదు. మొదటిదే నిజమైతే దైవాన్ని నమ్మనివానికి నీతి అనేది ఉండడానికే వీలులేదు. ఆజ్ఞ మారిన రోజున అధర్మమే ధర్మం కావలసి వస్తుంది. రెండవదే నిజమైతే మంచిచెడ్డల కొలబద్ద ఆజ్ఞకు ముందే ఉన్నదని ఒప్పుకోవలసి వస్తుంది.

ఇది పండిత సభలకు పరిమితమైన తర్కం కాదు. బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి నిత్యం ఎదురయ్యే సమస్య. కర్నూలులోనో కడపలోనో ఏ తరగతి గదిలోకి తొంగిచూచినా గుడికి పోయే పిల్లవాడు, మసీదుకు పోయే పిల్లవాడు, చర్చికి పోయే పిల్లవాడు, ఏ దేవుని ముందూ చేయి జోడించని పిల్లవాడు ఒకే బల్ల మీద కూర్చుని ఉంటారు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాలయాలలో మతబోధ చేయరాదని మన రాజ్యాంగంలోని 28వ అధికరణం శాసిస్తున్నది. మరి నీతిబోధ మాటేమిటి? ఆ చిక్కును విప్పడానికే 1959లో శ్రీప్రకాశ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. సంఘాలు నివేదికలు ఇస్తాయి. కాని “అబద్ధం ఎందుకు ఆడకూడదు?” అని పదేండ్ల పిల్లవాడు లేచి నిలబడి అడిగినప్పుడు జవాబు చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే. “దేవుడు వద్దన్నాడు కనుక” అంటే, “ఏ దేవుడు?” అనే రెండవ ప్రశ్న ఆ బల్ల మీదనే సిద్ధంగా ఉన్నది.

ఒక కూలివాని చావు

ఈ ప్రశ్నను మొట్టమొదట ఇంత సూటిగా అడిగినవాడు గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు. ఆయన శిష్యుడు ప్లేటో రాసిన ‘యూతిఫ్రో’ అనే సంవాదంలో ఆ ప్రస్తావన ఉన్నది. ప్రశ్న లోకప్రసిద్ధమే. అది పుట్టిన సందర్భం మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

యూతిఫ్రో అనేవాడు తన తండ్రి మీదనే హత్యానేరం మోపి న్యాయస్థానానికి వచ్చినాడు. వారి పొలంలో పనిచేసే ఒక కూలివాడు తాగిన మైకంలో ఒక దాసుని చంపినాడు. తండ్రి ఆ కూలివాని కాళ్ళుచేతులు కట్టి గోతిలో పడవేయించి, వానిని ఏమి చేయవలెనో ధర్మనిర్ణేతను అడిగి రమ్మని ఏథెన్సుకు మనిషిని పంపినాడు. ధర్మం తెలిసి వచ్చేలోగా ఆ గోతిలో పడి ఉన్నవాడు ఆకలితో, చలితో, కట్ల బాధతో ప్రాణం విడిచినాడు.

సోక్రటీసు, యూతిఫ్రో చేసిన చర్చ అంతా దైవభక్తి అంటే ఏమిటనే దాని మీద సాగుతుంది. దేవతలు మెచ్చినదే పుణ్యమని యూతిఫ్రో అంటాడు. పుణ్యం కనుక దేవతలు మెచ్చినారా, మెచ్చినారు కనుక పుణ్యమయినదా అని సోక్రటీసు అడుగుతాడు. యూతిఫ్రో తడబడి, పని ఉన్నదని వెళ్ళిపోతాడు. అయితే చర్చ కంటె ముందు ఆ గోతిలోని మనిషే జవాబు చెప్పినట్లు తోస్తుంది. కన్నెదుట ఒక ప్రాణి ఆకలితో అలమటిస్తూ ఉంటే గుక్కెడు నీరు, పట్టెడు అన్నం ఇవ్వడానికి ఏ ధర్మనిర్ణేత వాక్కు కావలెను? ఆజ్ఞ కోసం వేచి ఉండడమే అక్కడ అధర్మమయినది.

మన శాస్త్రాల మాట

ఈ ప్రశ్న గ్రీకుల సొత్తు అనుకోనక్కరలేదు. మన దేశంలో దీనికి విచిత్రమైన సమాధానాలు పుట్టినవి. వేదవిధి చేత తెలియదగినదే ధర్మమని మీమాంసా దర్శనకర్త జైమిని లక్షణం చెప్పినాడు. ఇది ఆజ్ఞావాదమే కదా అనిపిస్తుంది. కాని మీమాంసకుల మతంలో వేదం అపౌరుషేయం. దానికి కర్త లేడు. కుమారిలభట్టు జగత్కర్త అయిన ఈశ్వరునే అంగీకరించలేదు. అంటే వారిది ఆజ్ఞ ఉన్నది గాని ఆజ్ఞాపించినవాడు లేని ధర్మం. నైయాయికులు మాత్రం వేదానికి ఈశ్వరుడే కర్త అన్నారు. బౌద్ధులు, జైనులు సృష్టికర్త ప్రసక్తి లేకుండానే అహింసను, సత్యాన్ని పరమధర్మాలుగా నిలబెట్టినారు. ఇక మనుధర్మశాస్త్రం ధర్మానికి ప్రమాణాలుగా వేదాన్ని, స్మృతిని చెప్పి అంతటితో ఆగక సదాచారాన్ని, ఆత్మతుష్టిని కూడా చేర్చినది. శ్రుతిస్మృతులను శిరసావహించిన గ్రంథమే మనిషి అంతరంగానికి కూడా ఒక పీట వేసినదన్నమాట.

ఇస్లాములోనూ ఈ వాదం ప్రబలంగా నడిచినది. మంచిచెడ్డలను బుద్ధి తనంతట తాను గుర్తించగలదని ముతజిలా పండితులు అన్నారు. దైవం విధించినదే మంచి, నిషేధించినదే చెడు అని అషరీ సంప్రదాయంవారు అన్నారు. మధ్యయుగపు క్రైస్తవ పండితులలో ఓకమ్ పేరు దైవేచ్ఛావాదంతో ముడిపడి ఉన్నది. అక్వినాసు బుద్ధికి గోచరించే సహజధర్మాన్ని ప్రతిపాదించినాడు. కనుక ఇది ఆస్తికులకు, నాస్తికులకు మధ్య తగవు మాత్రమే కాదు. ఆస్తికుల ఇంటిలోనే, అన్ని మతాలలోనూ, వెయ్యేండ్లకు పైగా సాగుతున్న చర్చ.

శతకాలు ఎవరిని సంబోధించినవి?

తెలుగువారు ఈ చర్చలో ఎటు మొగ్గినారో తెలుసుకోవడానికి దర్శనగ్రంథాలు తిరగవేయనక్కరలేదు. బడిలో చదివే శతకాలు చాలు. మన శతకాలలో భక్తిశతకాలు వేరు, నీతిశతకాలు వేరు. భక్తిశతకంలో కవి దేవుని పిలుస్తాడు. శ్రీకాళహస్తీశ్వరుడో, దాశరథియో, నరసింహుడో మకుటంలో ఉంటాడు. నీతిశతకంలో ఎక్కువగా కవి మనిషిని పిలుస్తాడు. బద్దెనది అని చెప్పే శతకం సుమతిని, అంటే మంచిబుద్ధి గలవానిని, సంబోధిస్తుంది. కుమారశతకం కుమారుని, కుమారీశతకం కుమారిని పిలుస్తుంది. వేమన తన్ను తానే పిలుచుకున్నాడు. భాస్కరశతకం వంటివి దేవతానామాన్ని మకుటంగా గ్రహించిన మాట నిజమే. అక్కడ కూడా చెప్పిన నీతికి ఉపపత్తి లోకానుభవమే: పూర్వార్ధంలో ఒక నీతి, ఉత్తరార్ధంలో దానికి తగిన దృష్టాంతం.

దీనిలోని భావం తేలికయినది కాదు. నీతి చెప్పేటప్పుడు మన కవులు “ఇది దేవుని ఆన” అనలేదు. “ఆలోచించి చూడు” అన్నారు. వినేవానిలో బుద్ధి ఉన్నదని, ఆ బుద్ధి మంచిని గుర్తుపట్టగలదని నమ్మి మాట్లాడినారు. వేమన మరొక అడుగు ముందుకు వేసినాడు. విగ్రహారాధనను, తీర్థయాత్రలను, కులాహంకారాన్ని, వేషధారుల ఆచారాలను నిలదీసినాడు. దైవం పేరిట చెలామణి అవుతున్న విధులలో ఏది సారమో, ఏది పొట్టో తేల్చడానికి ఆయన ఉపయోగించిన జల్లెడ మనస్సు, శీలం, తోటివాని పట్ల దయ. ఆజ్ఞను తూచే త్రాసు ఆజ్ఞలోనే ఉండదు కదా!

కలకత్తాలో క్రైస్తవ మతాచార్యునిగా ఉన్న డేవిడ్ బ్రౌన్ కుమారుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చినాడు. 1829లో ఆయన వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉన్నది. 2006లో ఆ ఊరనే వెలసిన విశ్వవిద్యాలయం యోగి వేమన పేరు పెట్టుకున్నది. బైబిలు దశాజ్ఞల మధ్య పెరిగిన ఒక ఆంగ్లేయుడు, ఆ ఆజ్ఞలను విననైనా వినని ఒక తెలుగు యోగి మాటలలో నీతిని గుర్తుపట్టి తలవంచినాడు. ఆజ్ఞ వేరయినా నీతి ఒకటే కాకుంటే ఈ గుర్తింపు సాధ్యమయ్యేది కాదు.

రెండు ఆజ్ఞల నడుమ

ఒకే ఊరిలో రెండు మతాలు ఉన్నప్పుడు ఆజ్ఞావాదానికి అసలు చిక్కు వస్తుంది. కడప అటువంటి ఊరు. అమీన్ పీర్ దర్గాకు హిందువులు పోతారు. ఉగాదినాడు దేవునికడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు పోతారు. బీబీ నాంచారిని తమ ఇంటి ఆడపడుచుగా తలచి స్వామికి కానుకలు సమర్పించుకుంటారు. ఒకరి శాస్త్రం ప్రకారం మరొకరు తప్పుదారిలో ఉన్నట్లే లెక్క. ఐనా తరతరాలుగా ఇరుగుపొరుగున బ్రతికినారు. ఇచ్చిన మాట నిలుపుకునేవానిని, తూకంలో మోసం చేయనివానిని, పక్కింటి కష్టానికి పరుగెత్తివచ్చేవానిని ఇరువురూ మంచివాడనే అన్నారు. ఆ మాట అనడానికి వాని దైవమేదో విచారించలేదు.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. బనగానపల్లెలో పశువులు కాచి, కందిమల్లాయపల్లెలో వడ్రంగము, కమ్మరము చేసుకుంటూ తత్త్వం బోధించిన ఈ స్వామికి ముఖ్యశిష్యుడు దూదేకుల సిద్ధయ్య. మరొక శిష్యుడు మాదిగవాడైన కక్కయ్య. సిద్ధయ్య స్వామి వద్దకు చేరడాన్ని అతని వారు మతద్రోహంగా తలచి కడప నవాబుకు ఫిర్యాదు చేసినారని కథ. కక్కయ్యను దగ్గరకు తీయడాన్ని వర్ణధర్మం ఒప్పదు. ఒకవైపు ఒక మతపు కట్టడి, మరొకవైపు మరొక మతపు కట్టడి. రెండూ దైవం పేరిట వచ్చినవే. గురుశిష్యులు రెంటినీ దాటి మనిషిని చూచినారు. ఒక ఆజ్ఞను విడిచి మరొక ఆజ్ఞను పట్టుకోవలసి వచ్చినప్పుడు దేనిని పట్టుకోవలెనో మూడవ ఆజ్ఞ చెప్పదు. అక్కడ మనిషి వివేకమే తీర్పరి.

కరువు పెట్టిన పరీక్ష

రాయలసీమలో ఈ ప్రశ్నకు కఠినమైన పరీక్ష పెట్టినది కరువు. వాన పడకపోతే అది దైవకోపమని, పాపఫలమని చెప్పేవారు ప్రతి కాలంలోనూ ఉన్నారు. ఆ మాటను చివరిదాకా నమ్మితే, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం దైవం విధించిన శిక్షకు అడ్డుపడడమే కావలెను. కాని ఈ సీమవాసులు అలా అనుకోలేదు.

1866లో కరువు వచ్చినది. కర్నూలు మండలంలో అప్పుడు భాగమై, 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలాదిమందికి అన్నం పెట్టినాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చినది. పతకం కంటె గట్టిగా నిలిచినది పాట. రేనాటి జానపదులు ఆయనను నేటికీ పాటలో తలచుకుంటారు. ఆ పాట పాడేవారు ఆయన ఏ శాస్త్రవిధిని అనుసరించి అన్నం పెట్టినాడని అడగరు. ఆకలి అడిగినది, ఆయన ఇచ్చినాడు.

పదేండ్ల తరువాత ధాత నామ సంవత్సరంలో మహాకరువు మొదలయినది. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ కరువులో మదరాసు రాజధానిలో కర్నూలు మండలమే మిక్కిలి దెబ్బతిన్నది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ అక్కడి జనసంఖ్య నాలుగవ వంతుకు పైగా తగ్గిపోయినది. ఆ కరువులో భారత ప్రభుత్వం తరపున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువుపని చేసే కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కట్టడి చేసినాడు. మదరాసు ప్రభుత్వంలో ఆరోగ్యాధికారిగా ఉన్న డాక్టరు కార్నిష్ ఆ కూలితో మనిషి బ్రతకలేడని, అది ప్రాణం తీసే కొలత అని పోరాడినాడు. కొన్ని నెలలకు ఆ కూలి పెంచక తప్పలేదు. టెంపుల్ మాట సర్కారు ఆజ్ఞ. కార్నిష్ మాట ఉద్యోగధర్మానికి ఎదురు. ఐనా న్యాయం ఎటున్నదో నేటి విద్యార్థికి కూడా తెలుస్తుంది. అధికారం ఎంత పెద్దదయినా ఆజ్ఞ అన్నంత మాత్రాన అది న్యాయం కాదు. మానవాధికారానికి వర్తించే ఈ మాట దైవాధికారానికి వర్తించదని అంటే, దైవం కేవలం బలవంతుడు కనుక గాక మంచివాడు కనుక వర్తించదని అనవలసి ఉంటుంది. అలా అన్నవాడు మంచి అనే మాటకు ఆజ్ఞతో నిమిత్తం లేని అర్థం ఉన్నదని ఒప్పుకున్నట్లే.

సిరియాలుని కథ

దైవం దారుణమైన దానిని అడిగితే? ఈ సందేహం కల్పితం కాదు. జంగమవేషంలో వచ్చిన శివుడు సిరియాలుని కన్నకొడుకు మాంసం వండిపెట్టమని అడిగిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోను, శ్రీనాథుడు హరవిలాసంలోను చెప్పినారు. కుమారుని బలి ఇమ్మని దైవం అడిగిన అబ్రాహాము కథను క్రైస్తవులు, ఇబ్రహీం కథను ముస్లిములు పవిత్రంగా తలుస్తారు. బక్రీదు పండుగ ఆ త్యాగస్మరణకే.

ఈ కథలను భక్తులు గౌరవించడంలో న్యాయం ఉన్నది. అవి సర్వసమర్పణకు పరాకాష్ఠలు. కాని వినేవాని గుండె ఎందుకు వణుకుతుంది? దైవాజ్ఞ వలననే ఏ పనియైనా మంచిదవుతుందంటే ఆ క్షణాన బిడ్డను చంపడం మంచినీళ్ళు తాగినంత సులభంగా, నిర్దోషంగా ఉండవలెను. అప్పుడు అది పరీక్షే కాదు. బిడ్డను చంపడం ఘోరమని అడిగిన దైవానికి, విన్న భక్తునికి, కథ చెప్పిన కవికి ముందే తెలుసును కనుకనే అది పరీక్ష అయినది. అందుకే ఏ కథ కూడా ఆ చావును చావుగా మిగల్చదు. సిరియాలుని బిడ్డ లేచి వస్తాడు. అబ్రాహాము కత్తి ఆగిపోతుంది. దైవం చివరికి ధర్మం వైపుకే రావలెనని కథకు కూడా తెలుసును.

భయము, భక్తి

ఇంతకూ ఆస్తికుల పక్షాన బలమైన వాదం ఒకటి ఉన్నది. ఎవరూ చూడని చోట మనిషిని చెడుపని నుండి ఆపేది ఏది? దైవభయమే కదా! నిజమే. రాయలసీమ పల్లెలలో తగవు తెగనప్పుడు గుడిలో ప్రమాణం చేయించడం పాత ఆచారం. కాణిపాకం వినాయకుని ముందు అబద్ధప్రమాణం చేయడానికి గుండెలు తీసిన బంటు కూడా జంకుతాడంటారు. ఆ జంకు వలన ఎన్నో అప్పులు తీరినవి, ఎన్నో హద్దులు నిలిచినవి. దానిని చులకన చేయడం తగదు.

కాని ఆ ప్రమాణంలో దైవం చేసే పని ఏమిటి? సత్యాన్ని సృష్టించడం కాదు. సత్యానికి సాక్షిగా నిలవడం. తీసుకున్న అప్పు తీసుకున్నదే, గుడిలోకి పోయినా పోకున్నా. పదవి స్వీకరించే మంత్రి దైవం పేరిటనైనా ప్రమాణం చేయవచ్చును, దృఢనిశ్చయంతో ధ్రువీకరణమైనా చేయవచ్చునని రాజ్యాంగం వెసులుబాటు ఇచ్చినది. దైవం పేరిట అనే మాటను మన తెలుగువారు “దైవసాక్షిగా” అని తెనిగించుకున్నారు. మరికొందరు “మనస్సాక్షిగా” అంటారు. రెండింటిలోనూ ఉన్న మాట సాక్షి. సాక్షి తగవును చూస్తాడు, చెబుతాడు. తగవులోని న్యాయాన్ని తయారుచేయడు. మన పెద్దలు పాపభీతి, దైవభక్తి అని రెండు మాటలను జంటగా వాడినారు. వారు భయాన్ని పాపానికి తగిలించినారు, దైవానికి భక్తిని మాత్రమే మిగిల్చినారు.

పరీక్ష గదిలో పర్యవేక్షకుడు ఉన్నంతసేపు చీటీ తీయని విద్యార్థిని నిజాయతీపరుడని ఏ ఉపాధ్యాయుడూ అనడు. పర్యవేక్షకుడు బయటికి పోయిన తరువాత కూడా తీయనివాడే నిజాయతీపరుడు. దైవాన్ని సర్వత్రా ఉన్న పర్యవేక్షకునిగా మాత్రమే బోధిస్తే పిల్లలకు నేర్పినది జాగ్రత్త, నీతి కాదు.

అయితే భక్తి నీతికి శత్రువనడం కూడా పొరపాటే. కడప మండలపు తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుడు కులభేదాలను కాదని పాడగలిగినది పరబ్రహ్మ ఒక్కడే అనే విశ్వాసబలం చేతనే. ధర్మం ఏదో తెలిసిన తరువాత కూడా దానిని ఆచరించడానికి ధైర్యం, ఓర్పు కావలెను. చాలమందికి ఆ శక్తిని ఇచ్చేది భక్తి. దీపానికి నూనె ఎంత అవసరమో ఆచరణకు భక్తి అంత అవసరం కావచ్చును. కాని దారి దీపం వెలిగించక ముందు నుండీ ఉన్నదే.

ఈ రెండు పక్షాలు ఒకచోట కలిసిన ఘట్టం మన కాలానికి దగ్గరలోనే ఉన్నది. మొదట దైవమే సత్యమని చెబుతూ వచ్చిన గాంధీజీ 1931 నాటికి సత్యమే దైవమనే మాటకు వచ్చినాడు. 1940లో కృష్ణా మండలంలోని ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1944లో ఆయనను కలుసుకున్నాడు. ఒకరు ప్రార్థన లేక బ్రతకలేనివాడు, మరొకరు ప్రార్థననే అంగీకరించనివాడు. అస్పృశ్యతా నివారణలో ఇరువురి పని ఒకటే అయినది. గోరా కుమార్తెకు హరిజన యువకునితో వివాహం సేవాగ్రామంలో జరపడానికి గాంధీజీ ఒప్పుకున్నాడు. ఆ వివాహప్రమాణంలో దైవం అనే మాటకు బదులు సత్యం అనే మాట ఉంచడానికి కూడా ఆయన సమ్మతించినాడని గోరా రాసినాడు. గాంధీజీ మరణించిన తరువాత, 1948 మార్చిలో, ఆ వివాహం అక్కడే జరిగినది. సాక్షి పేరు మారినది. ప్రమాణపు బరువు మాత్రం తగ్గలేదు.

కనుక “అబద్ధం ఎందుకు ఆడకూడదు?” అని అడిగిన పిల్లవానికి ఉపాధ్యాయుడు వెరవకుండా చెప్పదగిన జవాబు ఉన్నది. అబద్ధం ఆడితే నిన్ను నమ్మినవాడు నష్టపోతాడు. నీవు వాని స్థానంలో ఉంటే నీకు ఎలా ఉంటుందో ఆలోచించు. ఈ జవాబు గుడికి పోయే పిల్లవానికి, మసీదుకు పోయే పిల్లవానికి, చర్చికి పోయే పిల్లవానికి, ఎక్కడికీ పోని పిల్లవానికి ఒకే విధంగా అర్థమవుతుంది. ఇంటికి పోయిన తరువాత “మా దేవుడు కూడా ఇదే చెప్పినాడు” అని వారు తెలుసుకుంటే మంచిదే; నీతికి మరొక సాక్షి దొరికినట్లు. బడి చేయవలసిన పని ఆ సాక్షిని పిలవడం కాదు. సాక్షి లేనప్పుడు కూడా నిజం చెప్పే మనిషిని తయారుచేయడం.